తడిసిన అగ్గిపెట్టె: ఒక దివిటీవాడి మాటలు

నా తరవాత కచేరీలో దివిటీ పనికి కుదిరిన ఇద్దరు పెద్దమనుషులు మొన్న మా ఇంటికి వచ్చారు. ఇద్దరికీ మీసాలు బాగా వచ్చాయి. మా అరుగు స్తంభం దగ్గర నిలబడి చుట్టలు ముట్టించుకుని, రెండు దమ్ములు లాగి, "ఈ పనిలో తెలుసుకోవాల్సింది ఏముందండీ అప్పన్నగారూ? నూనె పొయ్యడం, ఒత్తి ఎగదొయ్యడం, అంతే కదండీ?" అన్నారు.

ఆయ్, అంతేనన్నాను. పెద్దవాణ్ణి, నోరు చేసుకోవడం ఎందుకు? వాళ్ళు వెళ్ళాక కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు నాలుగు అక్షరాలు వచ్చు. కచేరీలో గుమాస్తాలు పొద్దుగూకిన తరవాత కూడా రాస్తుంటే, వాళ్ళ వెనక దీపం పట్టుకుని నిలబడి, భుజాల మీదుగా చూసి నేర్చుకున్నవి. అందుకే నా అక్షరాలు కాస్త పక్కకి ఒరిగి ఉంటాయి. చదివేవాళ్ళు మెడ కాస్త వంచుకోండి.

అసలు పని

కాగితాల్లో మమ్మల్ని మషాల్చీలని రాసేవారు. పిలిచేటప్పుడు మాత్రం "ఒరేయ్ దీపం" అనేవారు. శిస్తు వసూళ్ళు చూసే అమీనుగారు ఊళ్ళ మీదికి బయలుదేరితే పల్లకీ ముందు నేను నడవాలి. ఒక చేతిలో దివిటీ, రెండో చేతిలో నూనె బుడ్డి. బోయీలు పల్లకీ మోస్తున్నారని అందరూ జాలిపడతారు. వాళ్ళకి గుంట ఎక్కడుందో చెప్పేవాడు ముందుగా ఆ గుంటలో పడి లేచాడని ఎవరికీ తోచదు.

వెలిగించడం పని కాదు. అది మా ఇంటి కోడలు కూడా చేస్తుంది, నాకన్నా శుభ్రంగా చేస్తుంది. దీపం కొండెక్కాక ఏం చేస్తావన్నదే పని. కోనసీమలో గాలికి ఒక వేళంటూ లేదు. గోదావరి మీద నుంచి ఒకటి వస్తుంది, సముద్రం మీద నుంచి ఇంకొకటి వస్తుంది, రెండూ నీ దివిటీ దగ్గరే కలుసుకుంటాయి. అప్పుడు పల్లకీ లోపలి నుంచి "ఏమైందిరా?" అని వినిపిస్తుంది. చీకటి పడిందండీ అని చెప్పకూడదు. వాళ్ళకి తెలుసు.

ఇళ్ళల్లోనూ అంతే. పెళ్ళికి నలభై దీపాలు పెట్టించిన ఆసామిని, "ఇవన్నీ ఒక్కసారి పోతే నిప్పు ఎక్కడుందండీ?" అని అడిగి చూడండి. అశుభం పలికానని నన్ను తరిమిన ఇళ్ళు కొత్తపేటలో రెండున్నాయి. అమలాపురంలో ఒకటి. ఆ మూడో ఇంట్లో మంగళసూత్రం వేళకి గాలి వచ్చింది. ఆ చీకట్లో పెళ్ళికొడుకు చేయి ఎవరి మెడ దాకా వెళ్ళిందో నేను రాయను, ఆ కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

నూనెలు

ఆముదం నిదానంగా మండుతుంది, మాట నిలబెట్టుకుంటుంది. చూడ్డానికి జిడ్డు. కొబ్బరినూనె తెల్లగా, కమ్మగా, పెద్దింటి అల్లుడిలా ఉంటుంది. చలి తగలగానే బిగుసుకుపోతుంది. పున్నగింజల నూనె పొగ పెడుతుంది. అది వాడిన ఇంటి దూలాన్ని చూస్తే ఆ ఇంటివాళ్ళ పొదుపు తెలుస్తుంది. ఇక పడవలవాళ్ళు వాడే చేపనూనె పేరు చెబితేనే పెద్దలు ముక్కు మూసుకుంటారు. నేనూ చాలాకాలం మూసుకున్నాను. దాని సంగతి తరవాత చెబుతాను.

ఒక ఏడు పుష్యమాసంలో ఒక దొరగారు కొత్తపేట దగ్గర కొబ్బరితోటలో డేరా వేయించారు. కాలువలు తవ్వుతున్న రోజులు. దొరలు మట్టిని చూడడానికి తరచూ వచ్చేవారు. మా అమీనుగారికి కాళ్ళు నిలవలేదు. పన్నెండు గాజు దీపాలు ఎక్కడి నుంచో తెప్పించారు.

"ఆముదం వద్దు. వాసన దొరగారికి పడదు. అన్నింట్లోనూ కొబ్బరినూనె పొయ్యి," అన్నారు.

"చలికాలమండీ. తెల్లారగట్ల గడ్డకట్టేస్తాదండీ," అన్నాను.

"నీకు నూనె తెలుసురా. నాకు దొరగారు తెలుసు."

ఇంత పెద్ద చదువు నాకు లేదు కనక నూనె పోశాను. పన్నెండు దీపాలూ సాయంత్రం పెళ్ళివారిలా వెలిగాయి. దొరగారు మెచ్చుకున్నారు. అమీనుగారు ఆ మెచ్చుకోలు తల వంచి అందుకున్నారు. తెల్లారగట్ల దొరగారు గుర్రమెక్కాలని లేచేసరికి రాత్రి ఆర్పిన పన్నెండు గాజు దీపాల్లోనూ నూనె వెన్నలా పేరుకుని ఉంది. ఒత్తులు అందులో నిటారుగా, చల్లగా నిలబడ్డాయి. అమీనుగారు డేరా తాళ్ళు తన్నుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"ఒరేయ్ అప్పన్నా, నా కొంప ముంచేవు కదరా."

ముంచింది ఎవరో చెప్పే సమయం కాదు. ముందు రోజు సాయంత్రమే ఒక మట్టి ప్రమిదలో ఆముదం పోసి, వెలిగించి, గాలి తగలకుండా గంప బోర్లించి పెట్టుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి దొరగారి ముందు పెట్టాను. ఆ జిడ్డు దీపం ముందు కూర్చుని ఆయన గడ్డం గీయించుకున్నారు. వాసన మాట ఎత్తలేదు. ఇలా జరుగుతుందని ముందే ఊహించి ఆముదం దీపం సిద్ధం చేయించానని అమీనుగారు దుబాసీ చేత దొరగారికి చెప్పించారు. దొరగారు మళ్ళీ మెచ్చుకున్నారు.

అమీనుగారు చెడ్డవారు కాదు. ఎవరిది వాళ్ళకి ముట్టచెప్పడం కొంచెం మరిచిపోయేవారు, అంతే. పది రోజుల తరవాత నన్ను పిలిచి, కోరంగి రేవులో దిగిన సీమ అగ్గిపెట్టె ఒకటి చేతిలో పెట్టారు. గీస్తే మండే పుల్లలు. నేను అప్పటికి ఒక్కసారే చూశాను. "ఇంక ఆ చెకుముకి రాయి కొట్టుకుంటూ కూర్చోకు," అన్నారు.

నేను పొంగిపోయాను. మా మేనమామ ఇచ్చిన చెకుముకి రాయీ, ఉక్కుముక్కా, నిప్పురవ్వ అందుకునే బూడిద దూదీ ఉన్న వెదురు గొట్టం ఒకటి నా మొలలో ఇరవై ఏళ్ళుగా ఉండేది. దాన్ని తీసి మా చూరులో దోపాను. ఊళ్ళో నలుగురు చూస్తుంటే పుల్ల గీసేవాణ్ణి. అవసరం లేకపోయినా గీసేవాణ్ణి. కోనసీమలో అంత గొప్ప మషాల్చీ లేడని ఒకరన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అన్నది నేనే అనుకుంటాను.

గాలివాన

ఆ పై కార్తీకంలో అమీనుగారి వెంట మలికిపురం దిగువకి వెళ్ళాం. సముద్రం వైపు పడవలవాళ్ళ పేట, దానికి కాస్త ఎడంగా మెరక మీద ఒక కొబ్బరి వర్తకుడి మండువా ఇల్లు. అక్కడ ఉండగా గాలివాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. అమీనుగారు, బోయీలు, నేను, అందరం ఆ ఇంట్లోనే చిక్కుకున్నాం.

వర్తకుడు కోరంగిలో ఉన్నాడు. ఇల్లు నడిపేది ఆయన తల్లి వెంకాయమ్మగారు. ఆవిడ కార్తీకం మొదటి రోజున దేవుడి గదిలో అఖండ దీపం పెట్టారు. అంటే నెల తిరిగే దాకా అది కొండెక్కకూడదు. మూడో రోజుకి ఆ ఇంటి పొయ్యిలోకి కూడా నీళ్ళు వచ్చాయి. పేటలో ఇళ్ళ కప్పులే లేచిపోయాయి, ఇంక పొయ్యిల మాట ఎందుకు? ఆ చుట్టుపక్కల నిప్పంటూ మిగిలింది ఆ అఖండం ఒక్కటే.

మూడో రోజు మధ్యాహ్నం దాటాక గంగరాజు అనే పడవ మనిషి వచ్చి, నడవలో అడుగు పెట్టకుండా బయటే తడుస్తూ నిలబడ్డాడు.

"మా ఆడదానికి పొద్దున్నించీ నొప్పులండీ. ఇల్లు పడిపోయిందండీ. పడవ బోర్లించి దాని కింద పడుకోబెట్టేమండీ. చుట్టూరా ఇసక ఎగదోసేం, గాలి రాకుండా. లోపల కన్ను పొడుచుకున్నా కనబడదండీ. మంత్రసాని సన్యాసమ్మ ఎలుతురు తెమ్మందండీ."

గాలివానలో పడవ బోర్లించుకుని దాని కింద తలదాచుకోవడం వాళ్ళకి అలవాటే. గాలి రాదు, వాన రాదు. వెలుతురూ రాదు.

"ఓస్, ఇంతేనా," అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది. మొలలోంచి అగ్గిపెట్టె తీశాను.

మూడు రోజుల ఉప్పుగాలికి పెట్టె మెత్తబడింది. పుల్లల తలలన్నీ కలిసి ముద్దయిపోయాయి. ఒకటి గీస్తే తల ఊడి నా గోటికి అంటుకుంది. రెండోదీ అంతే. అప్పుడైనా ఇది లాభం లేదని ఒప్పుకుని లేవాల్సింది. నేను ఒప్పుకోలేదు. బోయీలు చూస్తున్నారు. మిగిలిన పుల్లలు చంకలో పెట్టుకుని కూర్చున్నాను, ఒంటి వేడికి ఆరతాయని. కోడిపెట్టయినా పొదగాల్సింది ఏదో తెలుసుకుని కూర్చుంటుంది. ఒక ఎసరు కాగి అన్నం ఉడికేంత సేపు అలా గడిచింది. గంగరాజు వానలో నిలబడి నన్నే చూస్తున్నాడు. "ఆరేయాండీ?" అని ఒక్కసారే అడిగాడు. తీసి గీశాను. ఏమీ లేదు.

నా చెకుముకి గొట్టం మా ఇంటి చూరులో క్షేమంగా ఉంది. దానికి ఒక్క చినుకు తగిలి ఉండదు.

అప్పుడు దేవుడి గది గడప దగ్గరికి వెళ్ళాను.

"అమ్మగారూ, అఖండం లోంచి ఒక ఒత్తి ముట్టించుకుంటానండీ. ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చిందంటండీ."

వెంకాయమ్మగారు నా మొహం చూడకుండా అన్నారు: "ఇవాళ శుక్రవారం. అందులో దీపాల వేళ కావస్తోంది. అందులో అఖండం. అందులోనూ పురిటికి. ఒకటైతే చూద్దును. నాలుగయ్యేయి. ఇంట్లో నిప్పు బయటికిస్తే లక్ష్మి దాని వెంటే వెళ్ళిపోద్ది నాయనా."

ఇది ఆవిడ కనిపెట్టిన మాట కాదు. మా ఇంట్లోనూ ఇంతే. దీపం పెట్టాక నిప్పూ, ఉప్పూ, సూదీ బయటికివ్వం. మా అమ్మ శుక్రవారం పొరుగింటావిడకి నిప్పు లేదని చెప్పి తలుపేసుకుంటుంటే నేనే చూశాను, మా పొయ్యి మండుతూనే ఉంది. కాబట్టి ఆవిణ్ణి తప్పు పట్టడానికి నా నోరు లేవలేదు.

అమీనుగారి వైపు తిరిగాను. ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్నారు. "ఇది ఆచారం విషయంరా. సర్కారు జోక్యం చేసుకోదు," అన్నారు. శిస్తు విషయమైతే ఆయన గాలివానలో కూడా మెలకువగానే ఉండేవారు.

ఒత్తి కాడ

గంగరాజు వెళ్ళిపోలేదు. ఏడవలేదు. చేతులు కట్టుకుని గడప వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే. వెంకాయమ్మగారు ఒకటి రెండు సార్లు అతని వైపు చూసి కళ్ళు తిప్పుకున్నారు. ఇంతలో గాలి మళ్ళింది. దేవుడి గది కిటికీ రెక్క కొట్టుకుంది. అఖండం జ్వాల పడుకుని లేచింది.

"అప్పన్నా, ఇలా రా. నువ్వు దీపాలు చూసేవాడివి కదా, ఇది కాస్త చూడు," అన్నారు.

చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, నా వీపు గాలికి అడ్డం పెట్టి కూర్చున్నాను. ఒత్తి బాగా కాలిపోయి ఉంది. మార్చాలి. కొత్త ఒత్తి నూనెలో వేసి, పాత దాంతో ముట్టించి, అది నిలబడ్డాక పాత కాడ తీసెయ్యాలి. అలా చేస్తే అఖండానికి భంగం లేదు. అలాగే చేసి, పాత కాడని పళ్ళెంలో పెట్టడం మరిచిపోయి పట్టుకునే కూర్చున్నాను. దాని కొస ఎర్రగా రగులుతోంది.

ఆవిడ దాన్ని చూశారు. తరవాత గోడ వైపు తిరిగారు.

"కాలిపోయిన కాడ ఇంట్లో ఉంచకూడదు. బయట పారేసి రా. ఎవరూ తొక్కని చోట పారెయ్యి." గోడ వైపే చూస్తూ, "వానలో పారెయ్యకు, తడిసిపోద్ది," అన్నారు.

మనవాళ్ళు ఆచారం మీరరు. ఆచారం పక్కనే ఒక సందు ఉంటుంది, అందులోంచి వెళతారు. ఆ సందు ఆవిడకి కనబడడానికి పట్టిన సేపూ, నేను పుల్లల్ని పొదుగుతూ కూర్చున్న సేపూ కలిపి ఎంతో నేను చాలాసార్లు లెక్క వేశాను. ఎప్పుడూ నా వాటాయే పెద్దది.

ఆ ఇంట్లో కొబ్బరికి లోటేమిటి? దేవుడి గది పక్కన పొడిగా ఉన్న పీచుతాడు ముక్క ఒకటి దొరికింది. దాని కొస కాడకి ముట్టించి ఊదాను. పీచు మంట పెట్టదు, లోలోపల రాజుకుంటూ పోతుంది. గాలి ఎంత వేస్తే అంత ఎర్రబడుతుంది. ఒక చిప్పలో దాన్ని చుట్టి, పైన ఇంకో చిప్ప బోర్లించి, పొట్టకి అదుముకుని పరిగెత్తాను. ముందు గంగరాజు, వెనక నేను. జీవితంలో ఆ ఒక్కసారే ఒకడు నాకు దారి చూపించాడు.

పడవ పక్కన ఇసక తవ్వి లోపలికి పాకాం. చీకట్లోంచి సన్యాసమ్మ గొంతు వినబడింది.

"వచ్చేరా? ఒకటి వచ్చి వెళ్ళిపోయిందిరా గంగరాజూ. మెడకి పేగు చుట్టుకుంది. ఒక చుట్టు తప్పించేను. రెండోది చీకట్లో చేతికి తగల్లేదు. ఇంకోటి లోపలుంది. బేగి వెలిగించండి."

కవలలని ఎవరికీ తెలియదు. గంగరాజు తల్లి చిప్పలో చేపనూనె పోసింది. నేను తలపాగా కొస చింపి ఒత్తి చేశాను. తాడు కొసని ఊది ఊది, ఒత్తి ముట్టించాను. ఆ కంపు నూనె వెలిగింది చూశారా, పన్నెండు గాజు దీపాలూ దాని ముందు దిగదుడుపే. ముక్కు మూసుకోవాలని నాకు గుర్తే రాలేదు. సన్యాసమ్మ రెండో బిడ్డని తీసింది. నీలంగా ఉంది. వెలుతురు దగ్గరికి తెచ్చి, నోట్లో అడ్డం ఉన్నదేదో చూసి, వేలితో తీసి, వీపు తట్టింది. కాసేపటికి ఏడ్చింది. ఆడపిల్ల.

మొదటిదీ ఆడపిల్లే. ఇసక మీద పాత చీరముక్కలో ఉంది. నేను ఆ వైపు దీపం పట్టలేదు. నాకు సిగ్గేసింది, భయమేసింది, ఏడుపొచ్చింది. ఇంతకన్నా దీన్ని ఎలా రాయాలో నాకు రాదు.

మర్నాడు

మర్నాడు గాలి తగ్గింది. వెంకాయమ్మగారు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచారు.

"ఏమైంది నాయనా?"

"ఒక పిల్ల దక్కిందండీ."

"ఒక పిల్లేమిటి? ఎంతమంది?"

"ఇద్దరండీ."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మేం బయలుదేరేటప్పుడు అమీనుగారికి తాంబూలం ఇచ్చారు. నన్ను మాత్రం చూడలేదు.

రెండేళ్ళ తరవాత మళ్ళీ ఆ దారిన వెళ్ళాను. ఆ ఇంటి అరుగు స్తంభానికి, గడపకి బయట, చూరు నీళ్ళు పడని చోట, ఒక పీచుతాడు వేలాడుతోంది. కొస రాజుకుంటోంది. శుక్రవారం, దీపాల వేళ. పేటలో నుంచి ఒకావిడ వచ్చి పిడక ముట్టించుకుని వెళ్ళింది. లోపల వెంకాయమ్మగారు అటు తిరిగి కూర్చున్నారు.

"నిప్పు ఇత్తన్నారా అమ్మగారూ?" అన్నాను.

"నేనెక్కడ ఇత్తన్నాను? అది బయట వేలాడతోంది. ఎవరన్నా పట్టికెళితే నాకేం తెలుసు?"

గంగరాజు కూతురికి వెంకాయమ్మ అనే పేరు పెట్టారు. నిప్పు పట్టుకుని పరిగెత్తినవాడి పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఒక విధంగా మంచిదే. నా పేరు పెడితే, ఆ అన్నం ఉడికేంత సేపు నేనేం చేశానో కూడా ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చేది.

కాబట్టి పెద్దమనుషులారా, మీ ఇళ్ళల్లో అగ్గిపెట్టె ఉంచుకోండి, తప్పులేదు. చెకుముకి గొట్టం మాత్రం చూరులో దొయ్యకండి, మొలలో ఉంచుకోండి. ఒక ప్రమిద ఎప్పుడూ గంప కింద ఉండాలి. చలికాలం ఆముదం పొయ్యండి. ఏ నూనె దగ్గరా ముక్కు మూసుకోకండి.

మా అరుగు స్తంభానికీ ఆనాటి నుంచి ఒక పీచుతాడు వేలాడుతోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే కొస చూసుకుంటాను. మొన్న మీరిద్దరూ దాని కొసకే చుట్టలు ముట్టించుకుని, ఈ పనిలో తెలుసుకోవాల్సింది ఏముందని అడిగింది దాని పక్కన నిలబడే.